రోగం రాని పంది, పురుగు రాని పత్తి

అమెరికాలో కొన్ని పందులకు వడగట్టిన గాలి, శుద్ధి చేసిన నీళ్లు, బట్టలు మార్చుకోనిదే లోపలికి రానివ్వని కాపలా. మన సర్కారు ఆస్పత్రిలో మనిషికి జరగని మర్యాద. వాటి గుండె, కిడ్నీ తీసి మనుషులకు పెడతారు గనక ఆ మాత్రం ఉండాలి లెండి. మెదడువాపు వచ్చాక పందుల్ని పక్క వార్డుకు తోలి, దానికే వ్యాధి నివారణ అని పేరు పెట్టుకునే మునిసిపాలిటీలు మనవి.

2022 జనవరి 7న మేరీల్యాండ్‌లో డేవిడ్ బెనెట్ అనే ఆయనకు అలాంటి పంది గుండె పెట్టారు. దాని జన్యువుల్లో పది మార్పులు చేశారు. ముక్కులో నమూనా తీసి చూసి, ఏ వైరసూ లేదన్నారు. రెండు నెలలకు ఆయన పోయాడు. ఆ గుండెలో పంది సైటోమెగలోవైరస్ బయటపడింది. ప్రాణం తీసింది అదొక్కటేనని ఎవరూ తేల్చలేదు గానీ, పరీక్షకు చిక్కకుండా వచ్చిందన్నది ఖాయం. కొత్త అవయవం నిలవాలంటే రోగి ఒంట్లో రోగనిరోధక శక్తిని మందులతో అణచాలి. వచ్చినదానికి ఇక అడ్డేముంది?

పరీక్షలో లేదు, కాగితం మీద లేదు, లోపల ఉంది. పర్చూరు, చిలకలూరిపేట పత్తి రైతుకు ఈ కథ కొత్తా? 2002లో బీటీ పత్తి, 2006లో దాని రెండో రకం బీజీ-2 వచ్చినప్పుడు పురుగుమందుల కొట్ల దగ్గర పురుగు రాదని ఇదే ధీమా. గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి రకానికి లొంగడం లేదని 2010లో విత్తన కంపెనీయే ఒప్పుకుంది. ఆనక బీజీ-2కీ లొంగలేదు. ఇప్పుడు చేలో గుడ్డిపూలు లెక్కపెట్టుకుంటున్నాం.

ఆ విత్తనాల సంచిలో 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల మామూలు గింజల ప్యాకెట్ ఉండేది. పురుగు మొండికెక్కకుండా చేను చుట్టూ వేయాలి. చాలామంది దాన్ని గట్టు మీదే పారేశారు. ఎందుకు వేయాలో వాళ్లకు నచ్చజెప్పిన నాథుడు లేడు, వేశారా అని చేలోకి దిగి చూసిన అధికారీ లేడు.

ఇక పంది అవయవాలతో వచ్చే జాగ్రత్తల ప్యాకెట్ చూడండి. ప్రతి పంది జన్యువుల్లోనూ రెట్రోవైరస్‌లు తిష్ట వేసి ఉంటాయి, దొడ్డి ఎంత కడిగినా పోవు. అవి మనిషి కణాలకు సోకగలవని 1997లో ల్యాబులో తేలింది. అవయవం పెట్టించుకున్న మనిషికి సోకిన దాఖలా ఇంతవరకు లేదు, ఒప్పుకుందాం. అయినా 2024లో బోస్టన్‌లో అమర్చిన కిడ్నీకి చేసిన 69 జన్యు మార్పుల్లో 59 ఈ వైరస్‌ల కట్టడికే. అమెరికా ఆరోగ్య శాఖ 2001 నిబంధనల్లో రోగిని బతికినంత కాలం గమనించమంది, రికార్డులను, నమూనాలను 50 ఏళ్లు దాచమంది, రోగీ అతనితో సన్నిహితంగా మెలిగేవాళ్లూ రక్తదానం చేయరాదంది.

50 ఏళ్లట! మన దగ్గర రెండో వారానికే కేసు షీటు గల్లంతు. పైగా పాత కాగితాలు తేలేదేమని రోగినే గదమాయిస్తారు.

ఈ సాహసం మన దేశానికి కొత్తేం కాదు. అదే 1997 జనవరిలో అస్సాంలోని సోనాపూర్‌లో ధనీరాం బారువా ఓ రోగికి పంది గుండె పెట్టారు. రోగి వారం రోజులు బతికాడు. డాక్టరు గారు జైలుకెళ్లారు.

మన సీమకు ఇంతకాలం పందితో పని పడలేదు. అప్పుల్లో మునిగిన రెంటచింతల ప్రాంత రైతులు కిడ్నీలు అమ్ముకున్నారని 2000 ప్రాంతంలో పత్రికలు రాశాయి. అమెరికావాడు కిడ్నీ కోసం పందిని పెంచాడు. మనవాళ్లు పత్తి పెంచి ఆ పని కానిచ్చారు.

రేపో మాపో ఏ కార్పొరేట్ ఆస్పత్రో నవ్వే పంది బొమ్మతో హైవే మీద బోర్డు కడుతుంది. అప్పుడు సంతకం పెట్టే ముందు ఆపరేషన్ ఖర్చు తర్వాత అడగండి. ముందు ఆ 50 ఏళ్ల రిజిస్టరు ఎవరి బీరువాలో ఉంటుందో, తాళం ఎవరి దగ్గరుంటుందో రాతపూర్వకంగా చెప్పమనండి.