రేకు డబ్బా పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ముందు రబ్బరెత్తి ముద్దుగా రుద్దరా
బుగ్గ వెలుగు జూచి బోర్డు దెలియు
ఐర నెత్తుటన్న నాఖరి దిక్కురా
ఆళ్లగడ్డ రాతి నడుగుమన్న

అవతారిక. ఈ పద్యం తాళపత్రాల్లో లేదు, అచ్చులోనూ లేదు. నంద్యాలలో ఒక రిపేరు అంగడి. అందులో పనిముట్లు పెట్టుకునే రేకు డబ్బా. దాని మూత లోపలి వైపు మార్కరుతో రాసి ఉంది. కవి పేరు ఉండవలసిన చోట తుప్పు ఉంది. ఎవరు రాశారని అంగడాయనను అడిగితే "డబ్బా కొన్నప్పుడే ఉండె సామీ" అన్నాడు. అపౌరుషేయమని తేలింది గనుక వ్యాఖ్యానానికి పూనుకుంటున్నాను.

శాస్త్రానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు కావాలి. విషయం: పాత కంప్యూటర్లను బతికించే పనిముట్లు. ప్రయోజనం: అవి బతకడం. సంబంధం: బజారుకు పోయి కొనడం. అధికారి అంటే రెవెన్యూ అధికారి కాదు, ఈ పద్యం చదవటానికి అర్హుడు. తెలుగు నేల మీద కంప్యూటరు పుట్టి యాభై ఏళ్లు దాటింది. హైదరాబాదు ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12ను బయటికి తెచ్చింది. 1984లో కేంద్రం క్లాస్ అనే పథకం పెట్టి బడులకు బీబీసీ మైక్రోలు పంచింది. ఆ తరవాత డీటీపీ సెంటర్లలో పెళ్లిపత్రికలు దించిన 386లు, ఎరువుల అంగళ్లలో బిల్లులు గీకిన డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటైనా అటక మీద ఉండి, దాన్ని పాత ఇనుము సామాన్లకు వెయ్యటానికి మనసొప్పనివాడు అధికారి.

ఇక టీక. ముందు = మొదట. దేనికంటే మొదట? ప్లగ్గు పీకటం కంటే మొదట అని ఒకరు అన్వయించారు. వారి వ్యాఖ్యానం అంతటితో ఆగిపోయింది. ప్లగ్గు పీకిన తరవాత, మూత విప్పగానే అని మా అన్వయం.

రబ్బరు = బడి పిల్లల చేతిలో పెన్సిలు గీత చెరిపేది. మెమరీ కార్డుకు, పక్క కార్డులకు అడుగున బంగారు పూత వేసిన పళ్లుంటాయి. వాటి మీద మసి కడితే మిషను లేవదు, లేదా లేచి కుయ్యి కుయ్యి అంటుంది. నంద్యాల నల్లరేగడి దుమ్ముకు, బేతంచెర్ల నాపరాళ్ల పొడికి ఆ పళ్లంటే మహా ఇష్టం. రబ్బరుతో నాలుగు గీతలు గీసి, మెత్తటి బ్రష్షుతో పొట్టు దులిపి, ఐసోప్రొపిల్ ఆల్కహాలుతో తుడిస్తే సగం రోగాలు అక్కడే పోతాయి. ఒక తెల్లది, ఒక నీలిది అతికించి ఉండే రబ్బరు కొందరు వాడతారు. నీలి కొస సిరా చెరపటానికి పెట్టిన గరుకు కొస. బంగారు పూత మందం ఒక మైక్రానుకు అటూ ఇటూ. నీలి కొస దాన్ని మసితో సహా తీసుకుపోతుంది. కవి కేవలం "రబ్బరు" అన్నాడే గాని "సిరా రబ్బరు" అనలేదని గ్రహించాలి.

ముద్దుగా = గోముగా, ఒకే దిక్కుకు. ఇక్కడ "ముద్దగా రుద్దరా" అని ఒక పాఠాంతరం ఉంది. ఛందస్సు చెడదు గనుక చాలామంది మోసపోయారు. సోల్డరు ముద్దలుగా పెట్టమని వారి అర్థం. ఆ సంప్రదాయం వాళ్లు బాగుచేసిన బోర్డులు కొన్ని నేను చూశాను: కాళ్లన్నీ కలిసిపోయి ఒకే కుటుంబంగా ఉన్నాయి.

బుగ్గ. పద్యానికి ఆయువుపట్టు ఇదే. బుగ్గ అంటే చెక్కిలి. బుగ్గ అంటే నీటి ఊట. బుగ్గ అంటే కరెంటు దీపం. శృంగారపరులు మొదటి అర్థం తీసుకుని, వెలిగే బుగ్గలను చూస్తూ కూర్చుని, బోర్డు సంగతి మరిచారు. భక్తులు రెండో అర్థం పట్టారు: మహానందిలో కోనేటిని నింపే ఊట, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడు. పాడుపడిన మదర్‌బోర్డును పుష్కరిణిలో ముంచాలా అని ఒకాయన నిజంగానే అడిగాడు. వద్దు. ఇక్కడ బుగ్గ అంటే సీరీసు బుగ్గ.

చెక్క పలక మీద ఒక హోల్డరు, ఒక స్విచ్చు, ఒక సాకెట్టు. హోల్డరులో నూరు వాట్ల ఫిలమెంటు బల్బు. కరెంటు ఆ బల్బులోంచి పోయి గాని సాకెట్టుకు చేరదు. అనుమానపు మిషనును ఆ సాకెట్టుకు తగిలించి స్విచ్చు వేస్తే, లోపల షార్టు ఉన్నప్పుడు బుగ్గ నిండుగా వెలుగుతుంది. మంట బల్బులో ఉంటుంది, మిషనులో ఉండదు. లోపల బాగుంటే కెపాసిటర్లు నిండేదాకా ఒక్క క్షణం మెరిసి మందగిస్తుంది. "వెలుగు జూచి బోర్డు దెలియు" అన్నది ఇదే. పెళ్లిచూపుల్లో అమ్మాయి తరఫు పెద్దమనిషిలా బుగ్గ మధ్యలో కూర్చుని, గొడవంతా తన మీదికి తెచ్చుకుంటుంది.

శంక: ఎల్ఈడీ బల్బు పెట్టవచ్చునా? సమాధానం: పెట్టరాదు. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు ఓములు కొద్ది, కాగినప్పుడు 230 వోల్టుల దగ్గర 529 ఓములు. కష్టం వచ్చినప్పుడే గట్టిపడే ఈ గుణం ఎల్ఈడీకి లేదు. నూరు వాట్ల ఫిలమెంటు బల్బు ఇప్పుడు అంగళ్లలో అడిగితే మనిషిని ఎగాదిగా చూస్తారు. దొరికితే నాలుగు కొని గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. నలభై వాట్లది పెడితే ఎస్ఎంపీఎస్ ఆయాసపడి లేచి పడుతూ ఉంటుంది. అది రోగం కాదు, ఆకలి. ఇంకొకటి: బుగ్గ మిషనును కాపాడుతుంది గాని మనల్ని కాదు. షాకు షాకే.

బీబీసీ మైక్రోను నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టినవాళ్లకు ఈ పాదం విలువ బాగా తెలుసు. దాని పవర్ సప్లైలో కరెంటు దారికి అడ్డంగా కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్ల తరబడి గాలిలో తేమ తాగి, పగుళ్లిచ్చి, స్విచ్చు వేసిన కాసేపటికి టప్పున పేలి గదినిండా పొగ చేస్తాయి. నాకు తెలుసు. ఆ గది నాదే.

మల్టీమీటరును కవి ఎందుకు విడిచిపెట్టాడని పెద్ద వివాదం. "జూచి" అన్న మాటలోనే అది దాగిందని మా మతం. కంటితో చూడటం, కంసాలి కంటద్దంతో చూడటం, మీటరుతో చూడటం: మూడూ చూపులే. అయిదు వోల్టులు ఉండవలసిన చోట 4.75కూ 5.25కూ మధ్య ఉందో లేదో మీటరు చూస్తుంది. 386 బోర్డు మీద కీబోర్డు సాకెట్టు దగ్గర పచ్చగా పాచి పట్టిందేమో కన్ను చూస్తుంది. అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ కక్కిన క్షారం. దూదికి నిమ్మరసమో వెనిగరో అద్ది రుద్దితే బుసబుసమని విరుగుతుంది. తరవాత నీళ్లు, ఆ తరవాత స్పిరిట్టు. బ్యాటరీని పీకకుండా పాచి తుడిచేవాడు కుళాయి కట్టకుండా నేల తుడిచేవాడితో సమానం.

కవి చెప్పని పనిముట్టు ఇంకొకటి ఉంది, ఎండ. పసుపెక్కిన కీబోర్డు మూతకు హైడ్రోజన్ పెరాక్సైడు పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది. నంద్యాల మే నెలకు మించిన దీపం ఎక్కడా కొనలేం. ఊరికే దొరికేది గనుక కవి లెక్కలోకి తీసుకోలేదు.

మూడో పాదం. ఐర నెత్తుటన్న: ఇక్కడ ఒక డాక్టరుగారు "నెత్తుటన్" అని విడదీసి, నెత్తురులో ఐరను తగ్గితే ఆఖరి దిక్కే అని రక్తహీనతకు అన్వయించారు. మందుల చీటీగా చూస్తే తప్పులేదు. సరైన విభాగం ఐరన్ + ఎత్తుట + అన్నన్. సోల్డరింగ్ ఐరను చేతిలోకి తీసుకోవటమంటే అని అర్థం. ఇరవై అయిదు వాట్లది చాలు. అరవై నలభై పాళ్ల తగరం సీసం 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెట్టి 190కి నీరవుతుంది. దానికి పొయ్యి అక్కర్లేదు. ఐరనుకు పరివారం ఉంది. స్ప్రింగు సక్కరు కరిగిన సోల్డరును గుటుక్కున మింగుతుంది. రాగి జడ దాన్ని నెమ్మదిగా పీలుస్తుంది. జడ దొరకనప్పుడు పాత వైరులోని రాగి పోగులు అల్లి ఫ్లక్సులో ముంచినా పని జరుగుతుంది. ఫ్లక్సు అంటే గుగ్గిలమే గదా అని పూజాద్రవ్యాల అంగడికి పోయినవాళ్లున్నారు. గుగ్గిలం చెట్టు వేరు, పైను చెట్టు వేరు. బోర్డుకు ధూపం మాత్రం పడింది.

దిక్కురా, అడుగుమన్న: మొదటి, మూడో పాదాల్లో "రా" అన్న కవి నాలుగోదానికి వచ్చేసరికి "అన్న" అంటున్నాడు. పని అయిపోయి డబ్బులు అడిగే వేళ అయిందని లౌకికులు. "దిక్కురా ఆళ్లగడ్డ" అన్నచోట సంధి కలవలేదు. సోల్డరు వదిలిన అతుకని క్షమించాలి.

నంద్యాలలో దొరికిన పద్యంలో ఆళ్లగడ్డ ఎందుకని స్థానికులు నొచ్చుకుంటారు. నంద్యాల అంటే తగణం, ఇంద్రగణం. ఆటవెలది నాలుగో పాదంలో అన్నీ సూర్యగణాలే. 1991లో పి.వి. నరసింహారావును, అరవై దాటాక కంప్యూటరు నేర్చుకుని ప్రోగ్రాములు రాసిన ప్రధానిని, రికార్డు మెజారిటీతో లోక్‌సభకు పంపిన ఊరికి ఆ పాదంలో ఒక్క సీటు దొరకలేదు.

ఆళ్లగడ్డ రాతిన్ = అక్కడి శిల్పుల చేతిలోని రాతిని. నంద్యాల నుంచి నలభై కిలోమీటర్లు పోతే రోడ్డు వారనే పాకల్లో దేవుళ్లు సగం సగం లేస్తూ కనబడతారు. ఉలి ఒక్కసారి ఎక్కువ దిగితే ముక్కు పోతుంది. ముక్కు పోయిన దేవుడికి గుడి లేదు. ఐరను ఎక్కువసేపు ఆనితే బోర్డు మీది రాగి పాదం లేచిపోతుంది. దీనికి శంక: పోయిన దారికి జంపరు వైరు వేయవచ్చు గదా, ఉపమానం కుదరలేదు. సమాధానం: పైనున్న దారికి వేయవచ్చు. నాలుగు పొరల బోర్డులో రంధ్రం గోడతో సహా ఊడి వస్తే లోపలి పొర ఎక్కడ తెగిందో బ్రహ్మకు కూడా కనబడదు.

పూర్వవ్యాఖ్యాతలు ఇక్కడే ఆగారు. "అడుగు" అన్న క్రియను వాళ్లు పట్టించుకోలేదు. రాయి మాట్లాడదు గదా, అడగటమేమిటి? ఆళ్లగడ్డలో ఒక శిల్పిని చూశాను. రాతిని కొనే ముందు సుత్తితో మెల్లగా తట్టి చెవి పెట్టాడు. గట్టి రాయి గంటలా ఖంగుమంది. పక్కదాన్ని తడితే బొద్దుమంది. "లోపల బీట ఉండాది" అని అవతలకు నెట్టేశాడు.

వెనక్కి వచ్చి మా 386ను మళ్లీ విప్పాను. రబ్బరయింది, బుగ్గ మందంగానే ఉంది, వోల్టులు సరిగానే ఉన్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. ఐరను వేడెక్కుతోంది. అంగడాయన చూసి "ఉండు సామీ, అది ముట్టగాకు" అని ఒక యాప పుల్ల తెచ్చి, దాని కొసతో బోర్డు మీద ఒక్కొక్క అతుకునూ తట్టుకుంటూ పోయాడు. కీబోర్డు చిప్పు పక్కన తట్టగానే తెర మీద అక్షరాలు వచ్చాయి. పుల్ల తీస్తే పోయాయి. మళ్లీ పెడితే వచ్చాయి.