బాలింత మంచం పక్కన పీట వేసుకున్న పెద్దమ్మగారికి

పెద్దమ్మగారూ,

మా వీధిలో ఎవరికి నెల తప్పినా మొదట తెలిసేది మీకే. ఇప్పుడు బాలింతగా ఉన్న ఆ అమ్మాయి వీపు మీద స్పర్శ లేని మచ్చ ఉందనీ, కుష్ఠుకు మందులు వాడుతోందనీ కూడా మీరే ముందు కనిపెట్టారు. ఆ గోళీలు మింగితే బిడ్డ నల్లబడుతుందని భయపెట్టారు. అందులో కొంత నిజమే. క్లోఫాజిమిన్ వల్ల తల్లి ఒళ్లు నల్లబడుతుంది, పాలలోంచి బిడ్డకూ కాస్త రంగు పట్టొచ్చు. మందు ఆపిన కొన్ని నెలలకు పోతుంది. మధ్యలో మానేస్తే చచ్చుబడే నరం మాత్రం అంత సులువుగా తిరిగిరాదు. గర్భిణులకూ బాలింతలకూ డాక్టర్లు ఈ మందులు కొనసాగించమనే చెబుతారు. కడుపుతో ఉన్నవాళ్లు తాకకూడనిది థాలిడోమైడ్. దాని సంగతి వాళ్లే చూసుకుంటారు, మీకెందుకు?

నా భయమంతా పురుడయ్యాకే. కడుపులో బిడ్డ ఉన్నన్నాళ్లూ తల్లి రోగనిరోధక శక్తి కొంత తగ్గి ఉంటుంది. కాన్పయ్యాక పుంజుకుని, నరాల్లో దాక్కున్న క్రిముల మీద పడుతుంది. నరం వాస్తుంది. దాన్నే రియాక్షన్ అంటారు. 1970లలో ఇథియోపియాలో ఎలిజబెత్ డంకన్ అనే డాక్టరమ్మ ఇలాంటి తల్లులను కాన్పు తర్వాత కూడా వదలకుండా పరీక్షించింది. ఒక్కోసారి నొప్పయినా లేకుండానే నరం దెబ్బతింటోందని తేలింది.

ఆ వేళకు ఇంటిల్లిపాదీ బిడ్డ చుట్టూ ఉంటారు. మోచెయ్యి సలుపుతోందంటే వాతమంటారు మీరు, కాయం ఇంకో ముద్ద పెడతారు. చిటికెనవేలు వంగితే పిల్లను మోసి అలిసిందంటారు. ఆరు నెలల్లోపు పట్టుకుంటే ప్రెడ్నిసోలోన్‌తో చాలామందికి చెయ్యి తిరిగొస్తుంది. మీ వాతం కబుర్లతోనే ఆ ఆరు నెలలూ గడిచిపోతాయి.

పైగా మీ కుంపటొకటి! మంచం కింద నిప్పులు, ఒంటి మీద పొగలుకక్కే నీళ్లు. స్పర్శ లేని పాదానికి బొబ్బలెక్కినా తెలియదు. నీళ్ల వేడి మీ చేత్తో చూసి పొయ్యండి.

బిడ్డను తల్లి నుంచి వేరుచేయాలన్నారట. ఒకప్పుడు కుష్ఠు ఆశ్రమాల్లో అలాగే చేసేవారు. కానీ ఈ జబ్బు వంశంలో వచ్చేది కాదు. మందు మొదలయ్యాక త్వరలోనే అంటించే గుణమూ పోతుంది. పాలు తాగనివ్వండి. ఈ జబ్బు పేరుతో విడాకులిచ్చే వీలును 2019లో చట్టం నుంచే తీసేశారు, ఆ అమ్మాయి మొగుడి చెవిలో కొత్తగా ఏమీ ఊదకండి.

బుధవారం ఆ అమ్మాయిని నరాల పరీక్షకు తీసుకెళ్తున్నాం. బిడ్డను ఎత్తుకోవడానికి ఒకరు కావాలి, మీరు రండి.