లష్కరు లేని కాలువ

సెలవుల్లో ఎక్కడికైనా పోదామంటే పిల్లలు ఊటీ అంటారు, మా ఆవిడ తిరుపతి అంటుంది, మా నాయన "ఎందుకు?" అంటాడు. ఈ దసరాకు ఎలాగో నా మాట చెల్లింది. కాకినాడ పక్కన కోరంగి మడ అడవిలో పడవ షికారు.

మేం సూర్యాపేటలో బయల్దేరి కోదాడ దగ్గర ఊళ్ళో నాయన్ని ఎక్కించుకున్నాం. మిర్యాలగూడ నుంచి బావవాళ్ళు హుజూర్‌నగర్ మీదుగా వచ్చి కలిశారు. బావకు రైస్ మిల్లుంది. కోతలు మొదలైతే మిల్లు గేటు దాటడు కాబట్టి వస్తే ఇప్పుడే రావాలి. నాయనకు మాత్రం అసలు రావడమే ఇష్టం లేదు. వరి పొట్ట మీదుంది. కారెక్కాక కూడా పక్క పొలమాయనకు ఫోన్ చేసి "నీళ్ళొచ్చినయా?" అని మూడుసార్లు అడిగాడు. రాలేదు.

పడవ దగ్గర లైఫ్ జాకెట్లిచ్చారు. మేమందరం బెల్టులు ఎటు లాగాలో తెలియక తికమకపడుతుంటే, నాయన దాన్ని పిచికారీ చేసే తైవాన్ పంపు తగిలించుకున్నంత సునాయాసంగా వీపున వేసుకున్నాడు, వెనకది ముందుకు. గైడు కుర్రాడు సరిచేయబోతే "మందు ఏడ పోస్తరు దీంట్ల?" అన్నాడు.

పడవ కదిలింది. అటూ ఇటూ బురద, బురదలో చెట్లు. 1978 నుంచి ఇది అభయారణ్యమనీ, దగ్గర దగ్గర 235 చదరపు కిలోమీటర్లుంటుందనీ గైడు చెప్పాడు. బావ వెంటనే ఫోన్ తీసి లెక్క కట్టాడు.

"58 వేల ఎకరాలు! ఎకరానికి 30 బస్తాలేసుకున్నా..."

"ఇక్కడ వరి పండదండి," అన్నాడు గైడు.

బావ మొహం చూస్తే ఎవరో మిల్లు కరెంటు పీకేసినట్టుంది.

ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. ఇటునుంచి వెళ్ళినవాళ్ళ వల్లే బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరొచ్చింది. 1839 తుపానుకు రేవు కొట్టుకుపోయింది కానీ పేరు పోలేదు. మా బావ రంగూన్‌లో ధాన్యం కొట్టు పెట్టి ఉంటే మిర్యాలగూడ కోరంగీ అయ్యేవాడు.

పిల్లలు బావురు పిల్లి కోసం కళ్ళు చిల్లులు పడేలా చూశారు. "ఆయ్, అది రాత్రిళ్ళు తిరుగుద్దండి," అన్నాడు గైడు. నీటికుక్కలు? "పొద్దున్నే రావాలండి." మేం వచ్చింది మధ్యాహ్నం. కనిపించింది ఒక్క బురద చేప. నీళ్ళొదిలి గట్టెక్కి, రెక్కల మీద పాక్కుంటూ, గుడ్లు మిటకరించి మమ్మల్ని చూసింది. టికెట్ మేం కొన్నామా, అది కొన్నదా అని నాకు అనుమానమొచ్చింది.

చెట్ల చుట్టూ బురదలోంచి జానెడేసి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బురదలో గాలాడదు, అందుకని అవి పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయట. "కోసిన మళ్ళ కొయ్యకాళ్ళు," అని నాయన తేల్చేశాడు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని గైడు హెచ్చరించినప్పుడు మాత్రం కాస్త గౌరవంగా చూశాడు.

తరవాత గైడు ఒక పొన్న కాయ బావ చేతిలో పెట్టాడు. మునక్కాయ ముక్కలా పొడుగ్గా, ఆకుపచ్చగా ఉంది. ఈ జాతి విత్తనం చెట్టు మీదుండగానే మొలకెత్తుతుంది, కింద పడితే బురదలో గుచ్చుకుని అక్కడే నాటుకుంటుంది. మా ఆవిడ "అబ్బ!" అంది. బావ దాన్ని గోటితో గీరి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొలకొచ్చిన సరుకు. తేమ 17 దాటింది. తరుగు పోతది."

గైడు కుర్రాడు దాన్ని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడే నీళ్ళు పెరగడం మొదలైంది. ఇందాక కనిపించిన వేళ్ళు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. అంతవరకూ ఆవలిస్తున్న నాయన నిటారుగా కూర్చున్నాడు.

"నీళ్ళు ఎవరు వదిలిన్రు?"

"ఎవరూ వదల్లేదండి. పోటండి. సముద్రం ఎగదన్నుద్ది."

"ఎన్నొద్దులకోసారి?"

"రోజుకు రెండుసార్లండి."

నాయన నోట మాట లేదు. ఆయన పుట్టింది 1955లో, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన ఏడే. కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. అంటే ఎడమ కాలువ ఆయన కంటే పన్నెండేళ్ళు చిన్నది, అందుకే చెప్పిన మాట వినని తమ్ముణ్ణి తిట్టినట్టు తిడతాడు. మాది ఆ కాలువ కింద చివరి భూమి. పైవాళ్ళు తడుపుకోగా మిగిలితే మాకు. వారబందీ వంతు రాలేదని ఒక వారం, గండి అని ఒక వారం. రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా కాసిన మనిషి.

"నీళ్ళు ఇడిచే లష్కరు ఉండడా?"

"ఉండడండి."

"తూముకు తాళం?"

"తూమే లేదండి."

"చివరి చెట్టుకు గూడ అందుతయా?"

"అన్నిటికీ అందుతాయండి. సముద్రం పక్కనున్నవాటికే ముందండి."

అంటే ఇక్కడ చివరోడికే మొదటి తడి. నాయన మడ చెట్లను ఒక్కొక్కదాన్నీ చూశాడు, వేరే ఊళ్ళో బాగా బతుకుతున్న పాలివాళ్ళను చూసినట్టు. తరవాత పడవ అంచు మీదుగా వంగి, నీళ్ళలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. ఉమ్మేసి, తువ్వాలతో మూతి తుడుచుకుని, నా వైపు తిరిగాడు. చాలా తేలికపడ్డట్టున్నాడు.

"ఉప్పు రా. అందుకే ఇడుస్తున్నరు."