స్ప్రింగు బావగారు

ప్రతి బంధువర్గమునందును, తన కారును తయారుచేసిన ఇంజనీర్లకు తెలియని రహస్యమొకటి తనకు మాత్రమే తెలియునని నమ్మెడి పురుషుడొకడు తప్పక యుండును. దేవరాపల్లిలో ఆ పదవిని మా అక్కను వివాహమాడిన బావగారు నిరాటంకముగా నిర్వహించుచున్నారు. రైవాడ జలాశయము నిండినదా, గోవాడ చక్కెర మిల్లులో క్రషింగు మొదలైనదా యని ఊరివారు విచారించు వేళ, బావగారు తమ స్విఫ్టు కారు ముందు చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ నెన్ని వ్రేళ్లు పట్టునో చూచుచు నేలపై బోర్లపడి యుందురు.

కంపెనీవారు బిగించి పంపిన స్ప్రింగులు వారికి నచ్చలేదు. షాకబ్జర్ గొట్టముపై మరలుండి, స్ప్రింగు కూర్చుండు పళ్లెమును త్రిప్పి కారెత్తును యథేచ్ఛగా సవరించుకొనుటకు వీలైన కాయిలోవర్లను విశాఖనుండి తెప్పించి ముందు చక్రములకు వేయించిరి. వెనుక స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు గనుక ఆ వైపున వారికంత మమకారము లేదు. షెడ్డులో నొక కుర్రవాడు, పాపము, కారు దిగుటయే గదా కావలసినదని, ఉన్న స్ప్రింగులోనే ఒక చుట్టు గ్రైండరుతో కోసిపెట్టెదనన్నందుకు, “చుట్టు కోస్తే పొట్టిదవడమే కాదు నాయనా, గట్టిదవుతాది కూడాను” అని మొదలుపెట్టి, వాడు టీ త్రాగివచ్చిన తరువాత కూడ బోధ మానలేదు. పళ్లెము బిగించిన స్ప్రింగు గట్టిపడునని భ్రమించువారన్నను వారికి జాలియే. గట్టితనము తీగ మందమును, చుట్టు వ్యాసమును, చుట్ల లెక్కను బట్టి వచ్చునది గాని మర త్రిప్పుటచే వచ్చునది కాదట.

స్ప్రింగు పొడవు నిర్ణయించుటలో బావగారి శాస్త్రము దోషరహితమని శత్రువులు సైతము (వారిలో మా అక్క ప్రథమగణ్య) ఒప్పుకొనక తప్పదు. చెరకుబండ్లు తూచు కాటాపై ముందు చక్రములు మాత్రమే యెక్కించి, వచ్చిన బరువును సగము చేసి, స్ప్రింగు మోయనక్కరలేని చక్రము, బ్రేకుల బరువును తీసివేసి, ఒక్కొక్క స్ప్రింగుపై 270 కిలోలని తేల్చిరి. మిల్లీమీటరు కుంగుటకు నాలుగున్నర కిలోలు కోరు స్ప్రింగైనచో 60 మిల్లీమీటర్లు కుంగి నిలుచును. 200 మిల్లీమీటర్ల పొడవున 140 మిగులును. గోతిలో మరియొక 60 నొక్కుకొన్నను 80 మిగులును గనుక, చుట్లన్నియు నొకదానినొకటి తాకి ముద్దయగు పొడవు అంతకు తక్కువై యుండవలెను. జాకీపై నెత్తినప్పుడు చక్రము 60కి మించి వ్రేలాడినచో స్ప్రింగు పళ్లెమును వదలి గలగలలాడును. 1678లో స్ప్రింగు సూత్రమును ప్రకటించిన రాబర్ట్ హుక్కు స్వయముగా వచ్చినను ఇంతవరకు తలయూపవలసినదే.

లోపమెక్కడనగా, ఆ కాటాపై కారు ఖాళీగా నుండెను. ఖాళీ కారులో మా వంశమున నెవరును ఎన్నడును ప్రయాణము చేసియుండలేదు. చోడవరము స్వయంభూ విఘ్నేశ్వరుని దర్శనమునకు బయలుదేరితిమా, ముందు సీటున మా మేనత్త, వెనుక నలుగురు, డిక్కీలో బెల్లపు దిమ్మలు. మేనత్త ఆసీనురాలు కాగానే బావగారు దిగి, ఎడమప్రక్క వంగిచూచి, “ఏడు మిల్లీమీటర్లు” అని దీనముగా పలుకుదురు. అది తన బీపీ సంగతి కాబోలునని ఆమె భయపడును. స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున నుండవలెనని 1988లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు ప్రకటించిన ప్రమాణము. మా త్రోవలోని గ్రామములవారు దానిని చదువుకొనక, తాటిమొద్దును తారులో పూడ్చిన చందమున కట్టుకొనిరి. ప్రతిదానివద్దను మేమందరము దిగి, నడిచి, ఆవల నెక్కవలెను. ఒకమారు వెనుక నిలిచిపోయిన చెరకు లారీ డ్రైవరు తల బయటపెట్టి, “ఏటమ్మా, నడిచొత్తామని మొక్కుకున్నారేటి?” అని భక్తితోనే అడిగినాడు. “కారు కొన్నది మనుషులెక్కడానికా, మిల్లీమీటర్లెక్కడానికా?” అని అక్క ఇంటికి వచ్చువరకును అడుగుచునే యున్నది.

అయినను, అర్ధరాత్రి ఎవరి మినీలారీ కమాను విరిగినను టార్చిలైటు పట్టుకొని లుంగీతోనే బయలుదేరునది బావగారే. పైసా పుచ్చుకొనరు, ఉపన్యాసము వినిన చాలును. నాకును ఆ తెవులు కొంత అంటుకొన్నది: పెండ్లివారి యింటిముందు నిలిపిన కార్ల చక్రములపై ఖాళీలో నా వ్రేళ్లు నాకు తెలియకయే దూరుచున్నవి.

తుదకు అక్క పోరు పడలేక, ఈ వేసవిలో కుటుంబము నంతటిని కారులో కూర్చుండబెట్టి కాటా యెక్కించి లెక్క తిరిగి వేసిరి. పళ్లెమును మరలున్నంతవరకు పైకెత్తినను చాలక, 225 మిల్లీమీటర్ల స్ప్రింగులు తెప్పించిరి. బిగించి, అందరిని దింపి టేపు పెట్టి చూడగా, నేలకును కారు కడుపునకును నడుమ 170 మిల్లీమీటర్లు తేలినది. కంపెనీవారి పుస్తకము తెరచి చూచితిని, అందులోనున్నదియు నంతే. బావగారు పుస్తకమును నా చేతినుండి పుచ్చుకొని, ఆ అంకెక్రింద పెన్సిలుతో గీత గీచి, “చూసావేటోయ్ బావమరిదీ, కంపెనీవోడు కూడా నా లెక్కకే వచ్చీసినాడు” అన్నారు.