ఇడ్లీకి ఎన్ని నిమిషాలు?

మాకు ఫ్లాటు అమ్మిన కుర్రాడు గట్టివాడు. బ్రోషర్ తెరిచి ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించాడు. ఇంటర్నేషనల్ స్కూలు ఐదు నిమిషాలు, పెద్దాసుపత్రి ఎనిమిది నిమిషాలు, ఔటర్ రింగ్ రోడ్డు పది నిమిషాలు. మా ఇంట్లో స్కూలుకెళ్లే పిల్లల్లేరు. 158 కిలోమీటర్ల రింగు రోడ్డెక్కి ఊరి చుట్టూ ప్రదక్షిణం చేయాల్సిన మొక్కు కూడా ఏమీ లేదు. అయినా ప్రతిదానికీ తలూపాను. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, జనం అప్పు కాగితాలు అడ్డంగా నిలువుగా చదివినవాణ్ణి, అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు. "బాబూ, ఇడ్లీకి ఎన్ని నిమిషాలు?"

అంతకుముందు ఇరవై ఆరేళ్లు చిక్కడపల్లిలో అద్దెకున్నాం. ఆ ఇంటి గురించి గొప్పగా చెప్పుకోడానికేం లేదు. మెట్లు ఇరుకు, నీళ్లు రోజు విడిచి రోజు, కారు పెట్టడానికి చోటు లేదు గనక కారే లేదు. కానీ సందు చివర ఒక టిఫిన్ హోటలుండేది. ఏసీ లేదు, మెనూ కార్డు లేదు. పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీ దాకా నడిచి, పేపరు తిరగేసి, అక్కడికి వచ్చి కుర్చీ లాక్కునేలోపు రెండిడ్లీ, గిన్నెలో సాంబారు వచ్చి కూర్చునేవి. నేను అడిగేది లేదు, సర్వరు చెప్పేది లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆవిడకీ నాకూ మధ్య అంత అవగాహన కుదర్లేదు.

ఆ హోటలు గొప్పదనం వంటమాస్టరుదని చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు సాంబారు పలచబడ్డాక గానీ అసలు సంగతి తెలీలేదు. ఆరున్నరకి వచ్చిన రిటైర్డు లెక్చరరుగారు ఒక్క చెంచా నోట్లో పోసుకుని, "ఇది సాంబారా, పప్పు కడిగిన నీళ్లా?" అన్నారు. ఏడింటికి ఇంకొకాయన సాంబారు ముట్టకుండా గిన్నె పక్కకి జరిపి, ఆ జరపడం అందరికీ వినపడేలా చూసుకున్నాడు. ఏడుంపావుకి స్కూటర్ మెకానిక్ ఆ గిన్నె తీసుకెళ్లి గల్లాపెట్టె మీద పెట్టి, "నువ్వు తాగు సేట్, నేను పైసలిస్తా" అన్నాడు. సేట్ తాగాడు. ఎనిమిదింటికల్లా సాంబారు చిక్కబడింది. ఆ వీధికి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడైనా వచ్చాడో లేదో నాకు తెలీదు గానీ, రోజూ పొద్దున ఆరింటి నుంచి పదింటిదాకా డెబ్బై ఎనభైమంది ఇన్‌స్పెక్టర్లు వచ్చి వెళ్లేవాళ్లు. డబ్బులు కూడా వాళ్లే కట్టేవాళ్లు.

సిటీలో పేరున్న హోటళ్లన్నీ అలా జనం కాళ్లకింద పుట్టినవే. సికింద్రాబాద్‌లో పారడైజ్ 1953లో సినిమా హాలును అంటిపెట్టుకున్న చిన్న కెఫేగా మొదలైంది. ఆ తర్వాత హాలు పోయింది, దాని పేరు మాత్రం బిర్యానీకి మిగిలింది. ఇరానీ చాయ్ సంగతీ అంతే. డికాక్షన్ ఒక పాత్రలో, పాలు ఇంకో పాత్రలో పొద్దుట్నుంచి రాత్రిదాకా మరుగుతూనే ఉండాలి. నిమిషానికి నలుగురు వచ్చి తాగేచోట అది అమృతం. గంటకొకడు వచ్చేచోట కషాయం.

ఇక బాచుపల్లి. మేం వచ్చేనాటికే, 2019లో, నిజాంపేట, ప్రగతినగర్‌లతో కలిపి దీన్ని కార్పొరేషన్ చేసేశారు. చిక్కడపల్లికి పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ. గాలి బాగుంది, పదకొండో అంతస్తు నుంచి చూస్తే ఇంకా కట్టని అపార్టుమెంట్లు, కడుతున్న అపార్టుమెంట్లు, కట్టి అమ్ముడుపోని అపార్టుమెంట్లు కనిపిస్తాయి. సామాను దించిన సాయంత్రం గ్యాసు కనెక్షన్ ఇంకా రాలేదు. ఆకలి మాత్రం పాత అడ్రసు నుంచి బదిలీ అయి వచ్చేసింది. మెయిన్ రోడ్డు మీదికి నడిచాం.

హోటళ్లు లేవనడానికి వీల్లేదు. బొత్తిగా సిగ్గులేకుండా ఉన్నాయి. బోర్డులన్నీ చుట్టరికాలే. బాబాయ్, బామ్మర్ది, పెద్దమ్మ, అమ్మమ్మ, మామగారు, అల్లుడుగారు. రోడ్డుకి అటూ ఇటూ పెళ్లికి వచ్చినట్టు నిలబడి ఉన్నారు. అమ్మమ్మ పేరున్న దాంట్లోకి వెళ్లాం. లోపల అమ్మమ్మ లేదు. వండేది ఒడిశా అబ్బాయి, వడ్డించేది అస్సాం అబ్బాయి. వాళ్ల తప్పేం లేదు. వాళ్ల అమ్మమ్మల వంట చేయమంటే బ్రహ్మాండంగా చేసేవాళ్లేమో. మా అమ్మమ్మ వంట చేయమంటే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

"నార్మల్ వాటరా, బాటిలా సార్?" అన్నాడు అస్సాం అబ్బాయి. బాటిల్ అని చెప్పకపోతే దేశద్రోహం చేసినట్టు చూశాడు. తర్వాత మెనూ ఇచ్చాడు. పద్నాలుగు పేజీలు. కుండ బిర్యానీ, బకెట్ బిర్యానీ, పొట్లం బిర్యానీ. ఒకే అన్నానికి అన్ని పాత్రలు చూడ్డం నాకదే మొదటిసారి. తర్వాత చైనా, ఇటలీ, అరేబియా. మండీ గురించి ఒక మాట చెప్పాలి. నిజాం కాలంలో అరబ్ సైనికుల బ్యారక్‌లు ఉండబట్టి బార్కస్ అయిన పాతబస్తీ పేటలో, యెమెన్ నుంచి వచ్చినవాళ్ల వారసులు తినే తిండి అది. ఇప్పుడు బాచుపల్లిలో తెల్లటి పరుపుల మీద బాసింపట్లు వేసి కూర్చోబెట్టి అదే పెడుతున్నారు. మోకాళ్ల నొప్పులున్న ఆంధ్రా తాతగార్లు కూర్చోడానికి ఇద్దరు, లేవడానికి నలుగురు సాయం పడుతూ తింటున్నారు.

"బాబూ, ఇడ్లీ ఉందా?" అన్నాను.

"ఇడ్లీ మంచూరియా ఉంది సార్."

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఓదార్పో, హెచ్చరికో తెలీలేదు. చివరికి వచ్చిన పప్పన్నం చప్పగా ఉంది, వెలుతురు మాత్రం అద్భుతంగా ఉంది. బిల్లుతోపాటు ఒక క్యూఆర్ కోడు వచ్చింది. ఫైవ్ స్టార్ ఇస్తే గులాబ్ జామూన్ ఫ్రీ. ఇచ్చాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క తప్పుడు సంతకం పెట్టనివాణ్ణి, రెండు జామూన్ల కోసం అబద్ధసాక్ష్యం చెప్పి వచ్చాను. ఆ జామూను కూడా లోపల పిండిపిండిగా ఉంది.

ఈ గోడంతా ఫోన్లో మా మేనల్లుడితో చెప్పుకున్నాను. వాడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. "నువ్వు రివర్సులో చెప్తున్నావు మావయ్యా. ఇక్కడ మంచి తిండంతా ఊరి బయటే" అన్నాడు. అక్కడితో ఆగకుండా ఒక పుస్తకం పంపాడు. టైలర్ కోవెన్ అని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం చెప్పే ప్రొఫెసరు 2012లో రాసింది, పేరు యాన్ ఎకానమిస్ట్ గెట్స్ లంచ్. ఆయన కాపురం కూడా వర్జీనియా శివార్లలోనే. సిటీ నడిబొడ్డున అద్దె ఎక్కువ, ఆ అద్దె కట్టడానికి హోటలువాడు హంగులు అమ్ముకోవాలి. ఊరి బయట వరస కొట్లలో అద్దె తక్కువ, వలస వచ్చినవాళ్లు అక్కడ కొట్టు తీసుకుని తమవాళ్ల కోసం వండుతారు, అందుకే అక్కడ తిండి బాగుంటుంది అని ఆయన వాదం. చదివి ఒప్పుకున్నాను. ప్రొఫెసరు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం, ఒక్క బాచుపల్లిలో తప్ప. మా దగ్గర చవక కొట్లలో హార్డ్‌వేర్ షాపులున్నాయి. హోటళ్లన్నీ కొత్త కాంప్లెక్సుల్లో, అద్దాల వెనకాల ఉన్నాయి. ఇర్వింగ్‌లో తినేవాళ్లూ తెలుగువాళ్లే, "గోంగూరలో పులుపేదీ?" అని నిలదీసేవాళ్లూ వాళ్లే. ఇక్కడ ఎవరు నిలదీస్తారు? నెలకోసారి శనివారం రాత్రి కారేసుకుని వచ్చి, గంటసేపు లైనులో నిలబడి, ఫొటో దిగి, బాగోకపోతే మరుసటి నెల పక్క చుట్టం దగ్గరికి పోతారు. కొత్తవాడు వస్తూనే ఉన్నంతకాలం హోటలుకి సాంబారు కన్నా సీరియల్ బల్బులు ముఖ్యం.

మరి ఇంత జనం రోజూ ఏం తింటున్నారంటే, కర్రీ పాయింట్లు. శివారు నాగరికతకి అసలు వెన్నెముక అదే. సాయంత్రం ఏడున్నరకి ల్యాప్‌టాప్ బ్యాగులు వీపున తగిలించుకున్నవాళ్లు ఆ ఆరడుగుల కొట్టు ముందు గుంపుగా నిలబడతారు. పప్పు, పులుసు, వేపుడు, రోటిపచ్చడి చిన్నచిన్న కవర్లలో పోసి, దారంతో గిర్రున రెండుచుట్లు తిప్పి ముడేసి ఇస్తాడు. ఆ ముడి వేయడం ఒక్క సెకను. ఇంటికొచ్చాక విప్పడం పావుగంట. మా ఆవిడ కత్తెర వాడమంటుంది. నేను పళ్లతో ప్రయత్నించి రెండు చొక్కాలు పోగొట్టుకున్నాను. రుచి బాగానే ఉంటుంది, అందులో వంక పెట్టను. కాకపోతే ఏ కవర్లో ఏముందో నోట్లో పెట్టుకునేదాకా తెలీదు. ఒకసారి పప్పుచారు అనుకుని అన్నంలో కలుపుకున్నది మజ్జిగపులుసు. అప్పటికే ఆవకాయ వేసేసుకున్నాను. ఆ కాంబినేషన్ గురించి ఇంకేమీ చెప్పను.

మూడు నెలలు ఓపిక పట్టాను. ఒక ఆదివారం తెల్లవారుజామునే లేచి, చెప్పాపెట్టకుండా ఆటో ఎక్కి మియాపూర్ వెళ్లాను. మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, 2020లో మొదలైన గ్రీన్ లైన్ రైలు పట్టుకున్నాను. సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి. రెండిడ్లీ కోసం రెండు రైళ్లు. ఇడ్లీకో రైలు. ఆ పోయే ఖర్చుతో ఇడ్లీపిండి గ్రైండరుకి మొదటి వాయిదా కట్టొచ్చు. అయినా హోటల్లో అడుగుపెట్టగానే పాత వాసన ఎదురొచ్చింది. కుర్చీ లాక్కున్నాను. గిన్నెలో సాంబారు వచ్చి కూర్చుంది.

"ఏంది సార్, మస్తు దినాలైంది. ఊరికి పోయిన్రా?" అన్నాడు సర్వరు. అన్నేళ్లలో అతను నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదే.

"లేదు, బాచుపల్లిలో ఉంటున్నాం ఇప్పుడు."

"అవునా సార్! నేను గూడ ఆడ్నే. పిల్లలు పెద్దగైన్రు, ఈడ కిరాయిలు కట్టలేక నాలుగేండ్ల కిందనే పోయిన. నాలుగ్గొట్టంగ బండి మీద ఎల్తా."

నాకు ప్రాణం లేచొచ్చింది. పాతికేళ్లుగా మంచి ఇడ్లీలు మోసిన చేతులవి. గొంతు తగ్గించి అడిగాను, "అయితే అక్కడ నువ్వు ఎక్కడ తింటావు?"

"ఇంట్ల తింటా సార్" అన్నాడు.

తిరుగు రైల్లో చాలాసేపు ఆలోచించాను. గ్రైండరు గురించి కాదు. మా ఇంట్లో గ్రైండరు ప్రస్తావన తెస్తే పిండి ఎవరు రుబ్బాలన్న ప్రశ్న వస్తుంది, జవాబు నాకు ఎదురుగా కూర్చుని ఉంటుంది. చిక్కడపల్లి ఇడ్లీని బాచుపల్లికి తేలేను గానీ, చిక్కడపల్లి నోరు నా దగ్గరే ఉంది కదా అనిపించింది.

మా గేటు బయట, టైర్ల షాపు పక్కన, నెల్లూరు నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు చిన్న టిఫిన్ సెంటరు నడుపుతున్నారు. చుట్టరికం బోర్డు లేదు. బోర్డే లేదు. అదొక్కటీ చూసి ఎంచుకున్నాను. మర్నాటి నుంచి రోజూ ఏడింటికి హాజరు. మొదటిరోజు ఇడ్లీ గట్టిగా ఉంది, సాంబారు చల్లగా ఉంది. ఆ మాటే చెప్పాను. అక్కడ ప్లేట్లు తీసే కుర్రాడు, "ఫోన్లో రేటింగ్ పెట్టండి సార్" అన్నాడు. నోటితో చెప్పేవాళ్లని వాడెప్పుడూ చూసినట్టు లేడు. రెండో రోజూ చెప్పాను. వారం తిరిగేసరికి టిఫిన్ సెంటరాయన నన్ను చూడగానే వెనక్కి తిరిగి పిండి కలపడం మొదలుపెట్టేవాడు. పదోరోజు ఆవిడ బయటికొచ్చి, "ఏం సామీ, రోజూ బాలేదంటా ఉండావు, రోజూ వస్తా ఉండావు. నీకు ఇంట్లో పెట్టరా?" అంది. ఇది మా ఆవిడకి చెప్పలేదు.

పదిహేనో రోజుకి నాకో తోడు దొరికాడు. నాలుగో అంతస్తాయన, మలక్‌పేట నుంచి వచ్చినవాడు. పల్లీ చట్నీలో పల్లీలు తక్కువని అతను, సాంబారు వేడి చాల్లేదని నేను. తర్వాత మా వాచ్‌మన్ కూడా చేరి వడ నూనె గురించి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు.

మొన్న పొద్దున గేటు దాటి రోడ్డు మీదికి వచ్చానో లేదో, టిఫిన్ సెంటరాయన కేక వినపడింది.

"ఒరే, సాంబారు పెద్దాయన వచ్చేస్తా ఉండాడు! పొయ్యి పెంచు!"

ఆ రోజు సాంబారు పొగలు కక్కుతూ వచ్చింది. ఉప్పు మాత్రం కాస్త తగ్గింది. రేపు చెప్పాలి.