డ్రైవరు సీటు ఒక్కటీ ఉంచండి

ధర్మపురి అనగానే మనవాళ్లకు గోదావరి ఒడ్డు, నరసింహస్వామి గుర్తొస్తారు. నేను చెప్పబోయేది ఆ ధర్మపురి గురించి కాదు. బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి దాటి సేలం పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, తొప్పూరు ఘాటు దిగేముందు తగిలే తమిళనాడు ధర్మపురి. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపోయి జిల్లా అయింది. కృష్ణగిరి దాంట్లోంచి 2004లో విడిపోయింది. తమిళంతో పాటు తెలుగూ కన్నడమూ వినబడే నేల. మామిడికి మంచి పేరు. మామిడికి కాలం ఉంటుంది కానీ, ఈ దారిలో పన్నెండు నెలలూ కాసేది మరొకటుంది. సీట్లు లేని కారు.

ఈ వార్త స్థానిక పేపర్లలో ఎప్పుడూ ఒకే అచ్చులో వస్తుంది. అనుమానం వచ్చి కారు ఆపారు, సీట్లు తీసేసి బస్తాలు పేర్చి ఉన్నాయి, డ్రైవరు అరెస్టు, అసలువాడి కోసం గాలింపు. పక్కన ఫొటో. డిక్కీ తెరిచి ఉంటుంది, బస్తాలు బయట పేర్చి ఉంటాయి, వాటి వెనక పోలీసులు గ్రూప్ ఫొటోకి నిలబడ్డట్టు వరసగా ఉంటారు. అసలువాడు ఫొటోలో ఉండడు. సీట్లూ ఉండవు.

సీట్లు తీయడం పెద్ద విద్యేమీ కాదు. ముందు సీటుకు నాలుగు బోల్టులు. పట్టాల మీద సీటును వెనక్కి జరిపితే ముందు రెండూ కనబడతాయి, ముందుకి జరిపితే వెనక రెండూ. అడుగున పసుపురంగు కనెక్టరు ఉంటే అది ఎయిర్‌బ్యాగుది. బ్యాటరీ వైరు ఊడదీసి కాసేపు ఆగాక గానీ దాన్ని ముట్టుకోకూడదు. వెనక సీటు ఇంకా సులువు. మెత్త అంచు కింద చేతులు దూర్చి ఒక్క గుంజు గుంజితే క్లిప్పులు ఊడి చేతికొస్తుంది. వీపు ఆనుకునే భాగానికి మరికొన్ని బోల్టులు. అడుగున బయటపడేది మాత్రం ఆ కుటుంబ చరిత్ర: రూపాయి బిళ్లలు, మూతలేని పెన్ను, పల్లీ పొట్టు, పిల్లాడి ఒంటి కాలి సాక్సు, ఎన్నడో పోయిందని పనిమనిషిని అనుమానించిన చెవి కమ్మ. అంతా అయ్యాక డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో నిజం చెప్పే సాక్షి అదొక్కటే. దాని మీదా నల్ల టేపు అంటిస్తారు.

లారీలుండగా కారెందుకు? లారీని చూడగానే చెక్‌పోస్టుకు ఆకలేస్తుంది. బిల్లు, పర్మిటు, ఫిట్‌నెస్సు, పొల్యూషన్ కాగితం, అన్నీ సక్రమంగా ఉంటే టీ ఖర్చులు. అదే తెల్ల కారు వస్తే, ముందద్దం మీద దేవుడి బొమ్మ, వెనకద్దం మీద ఏదో ఒక శాఖ పేరు ఎర్రక్షరాల్లో ఉంటే, ఆపడానికి లేచిన చెయ్యి దారిలోనే మనసు మార్చుకుని సెల్యూటయిపోతుంది. కారులో పోయేవాడు పెద్దమనిషేనని మన నమ్మకం. దొంగరవాణా చేసేవాడికి ఈ దేశం గురించి మన సామాజికశాస్త్రవేత్తల కన్నా బాగా తెలుసు. అందుకే కారులోంచి సీట్లు తీస్తాడు, మ్యాట్లు తీస్తాడు, స్టెప్నీ కూడా తీస్తాడు. మర్యాద ఒక్కటి మాత్రం తీయడు. జాగ్రత్తపరుడైతే డ్రైవరు పక్క సీటూ ఉంచి, అందులో ఒక ఆడమనిషిని, ఆమె ఒళ్లో పసిబిడ్డను కూర్చోబెడతాడు. కుటుంబం తిరువణ్ణామలైకి గిరిప్రదక్షిణకు పోతున్నట్టుంటుంది. వెనక కూర్చున్న నాలుగొందల కిలోలు మాత్రం నోరెత్తవు.

అద్దాలకు నల్ల ఫిల్ము వేయకూడదని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే చెప్పింది. వేయకూడదు కాబట్టి, వేసుకున్నవాడు వేయగలిగినవాడన్నమాట. వాడి జోలికి ఎవరు పోతారు! బరువుకు వెనకభాగం కుంగితే అనుమానం వస్తుందని గట్టి స్ప్రింగులు వేయిస్తారు. సరుకు దించి తిరిగొచ్చేటప్పుడు ఆ కారు గుడ్డు పెట్టబోయే పెట్టలా తోక పైకెత్తుకుని వస్తుంది. తెలివైన కానిస్టేబులు కుంగిన కారును వదిలేసి, ఎగిరే కారును ఆపి అడుగుతాడు.

చట్టం లేదా అంటే, ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఎ ప్రకారం ఆర్నెల్ల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా, లేదా రెండూ. ముందు సీటు ఒక మార్పూ వెనక సీటు మరో మార్పూనా, లేక సీట్లన్నీ కలిపి ఒకటేనా అన్నది వకీళ్లు తేల్చుకోవాలి. మరి కంపెనీలే వెనక సీట్లు లేకుండా ‘కార్గో’ అని వ్యాన్లు అమ్ముతున్నాయి కదా అంటారా? మనం తీస్తే నేరం, కంపెనీ తీస్తే మోడలు.

ఇంతకీ ఆ ఖాళీలో ఏం కూర్చుంటుంది? బెంగళూరు వైపు నుంచి దిగేది గుట్కా. తమిళనాడు 2013లో దాన్ని నిషేధించి, ఏటేటా ఆ ఉత్తర్వును పొడిగిస్తూ వస్తోంది. నిషేధం ఏటా కొత్తదవుతుంది, ధర దాంతోపాటే ముదురుతుంది. ఇటు నుంచి ఎక్కేది రేషన్ బియ్యం. 2011 జూన్ నుంచి తమిళనాడులో కార్డుదారులకు బియ్యం ఉచితం. ఉచితంగా వచ్చినదాన్ని కిలోకి ఇన్ని రూపాయలని కొనేవాడు వీధి చివర కాచుకుని ఉంటాడు. ఆ బియ్యం సరిహద్దు దాటి, మిల్లులో పాలిష్ పట్టించుకుని, కొత్త సంచీ తొడుక్కుని సన్నబియ్యమై తిరిగొస్తుంది. మనం నవ్వక్కర్లేదు. 2024 నవంబరులో కాకినాడలో మన ఉప ముఖ్యమంత్రి ఓడనే సీజ్ చేయమన్నది ఈ రేషన్ బియ్యం గురించే. అక్కడ ఓడ, ఇక్కడ కారు. ఎవరి స్తోమత వాళ్లది.

సరిహద్దు ఊరి షెడ్డు ఏదైనా ఊహించుకోండి. గోడ వార సీట్లు వరసగా ఉంటాయి. కొన్నిటికి ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

“ఏంనా, ఇన్ని సీట్లు ఎవురివి?”

“పెండ్లి సామాన్లు ఎత్తకపోవల్లని తీయించినారు సార్.”

“పెండ్లి ఎప్పుడంట?”

“యాడ సార్, ఆర్నెల్లాయె. మళ్లా రాలే. మీరు కూసోండి, టీ చెప్తా.”

నవ్వులాట ఇక్కడిదాకానే. ఈ జిల్లా నుంచి మన శేషాచలానికి ఇంకో దారి ఉంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రధానంగా ఆ కొండల్లో, వాటి చుట్టుపక్కలే. నీళ్లలో వేస్తే మునిగేంత బరువైన చేవ. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. అది కూడా సీట్లు తీసిన కార్లలోనే పోతుంది, గోనెపట్టాల మీద, గీతలు పడకుండా. నరికేవాళ్లు మాత్రం కారులో రారు. ధర్మపురి జిల్లా హరూరు పక్కన సిత్తేరి కొండల్లో, తిరువణ్ణామలై వైపు జవ్వాది కొండల్లో పని దొరకని మనుషులు కూలికి వస్తారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ధర్మపురి జిల్లావాళ్లూ అందులో ఉన్నారు. రాళ్లతో, కొడవళ్లతో తమ మీద పడ్డారని పోలీసులన్నారు. తమతో ప్రయాణిస్తున్నవాళ్లను ముందురోజు బస్సులోంచి దింపి తీసుకుపోయారని ప్రాణాలతో మిగిలినవాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు చెప్పారు. దుంగకు కారు దొరికింది. టిక్కెట్టు కొని బస్సులో కూర్చున్నవాడికి ఆ సీటు కూడా దక్కలేదంటున్నారు. తర్వాత ఎర్రచందనం మీద సినిమా వచ్చింది, దేశమంతా ఆడింది, హీరో భుజం ఎత్తినట్టు మనమూ ఎత్తాం. సిత్తేరి కొండ గురించి ఎవరైనా అడిగారేమో నాకు గుర్తు లేదు.

సరే, పట్టుబడ్డ కారు సంగతి. అది స్టేషను ఆవరణలో వేపచెట్టు కింద నిలబడుతుంది. మొదట గాలి దిగుతుంది, తర్వాత బ్యాటరీ మాయమవుతుంది, ఆ తర్వాత అద్దాల మీద దుమ్ములో ఎవరో వేలితో గుండె బొమ్మ గీసి పేరు రాస్తారు. కేసు నడుస్తూ ఉంటుంది. ఎప్పటికో వేలం నోటీసు పడుతుంది, ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును అని. పాత బండ్ల వ్యాపారులు వస్తారు. ఒకాయన చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి చూసి, తలుపు తీసి లోపలికి తొంగిచూస్తాడు.

“సీట్లు లేవే సార్.”

“ఉన్నది ఉన్నట్టు అని రాశాం కదయ్యా,” అంటాడు రైటరు, కాస్త మొహమాటంగా.

“అయ్యో, ఫిర్యాదు కాదు సార్,” అంటాడాయన, పాట ఇంకో రెండు వేలు పెంచుతూ. “తీసే కూలి మిగిలింది.”