కరసంజీవని: హ్యాండిల్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి 'సంజీవని' అని పేరు పెట్టాడు. భారవి కిరాతార్జునీయానికి రాసినదాన్ని 'ఘంటాపథం' అన్నాడు. ఘంటాపథమంటే గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు రాజమార్గం మీద బండి నడపడం వచ్చు గానీ, అలాంటి ఒట్టు నిలబెట్టుకోవడం రాదు. పాఠకులు మన్నించాలి.

ఇక పద్యం పుట్టిన కథ. నా దగ్గర 1989 నాటి బుల్లెట్ 350 ఉంది. మా మామగారు కొన్నది. ఆయన నడిపినన్నాళ్లు నడిపి, "అల్లుడూ, ఇక దీన్ని నువ్వే చూసుకో" అని తాళం నా చేతిలో పెట్టారు. బండి కంటే నేను ఇరవై రెండేళ్లు పెద్ద. విజయవాడ నుంచి బందరు వెళ్తుంటే కంకిపాడు దాటేసరికి చిటికెన వేలు, ఉయ్యూరు వచ్చేసరికి ఉంగరపు వేలు, పామర్రులో టీ తాగేటప్పటికి గ్లాసు పట్టుకున్నానో లేదో తెలియని అరచేయి. ఈ గోడు ఆటోనగర్‌లో మా మేస్త్రీకి చెప్పుకున్నాను. పళ్ల మధ్య స్క్రూ బిగపట్టుకునే ఆయన నాలుగు ముక్కల్లో మందు చెప్పాడు. ఆయన చెప్పింది వచనమే, గణాలు సర్దిన పాపం నాది.

మూలం

చేయి తిమ్మిరెక్కె, జివ్వున మెడ లాగె
ముసలి బండి నెక్కు ముసలివాడ!
కొమ్ము మార్చుమయ్య కొంచెమె యతి గాదు
తీగ నిడివి చూచి తిప్పి చూడు.

ప్రతిపదార్థం

ముసలి బండిని = పాతదైన మోటారు సైకిలును; ఎక్కు = అధిరోహించునట్టి; ముసలివాడ = ఓ పెద్దమనిషీ; చేయి = హస్తము (జాత్యేకవచనం, రెండు చేతులూ అని గ్రహించాలి); తిమ్మిరెక్కె = స్పర్శ లేనిదాయెను; జివ్వున = జివ్వుమని (అనుభవించినవాళ్లకు వేరే అర్థం చెప్పనక్కర్లేదు); మెడ = మెడ; లాగె = గుంజెను; కొమ్ము = హ్యాండిల్‌ను; మార్చుమయ్య = మార్చవయ్యా; కొంచెమె = ఒకటి రెండు అంగుళాలు మాత్రమే; అతి గాదు = ఎక్కువ పనికిరాదు; తీగ = వైరు యొక్క; నిడివి = పొడవును; చూచి = కొలిచి; తిప్పి = ఇటు చివరికీ అటు చివరికీ త్రిప్పి; చూడు = పరీక్షింపుము.

దండాన్వయం

పద్యంలో అటూ ఇటూ పడిన మాటలను వచనపు వరుసలో నిలబెట్టడం దండాన్వయం. ఈ పద్యానికి వేరే అన్వయం అక్కర్లేదు. ఇందులోని దండం ఒక్కటే, అది 22 మిల్లీమీటర్ల గొట్టం. దాన్ని మనిషికి అన్వయించడమే అసలు పని.

తాత్పర్యం

పాత బండి నడిపే ఓ పెద్దమనిషీ! నీ చేతులు తిమ్మిరెక్కుతున్నా మెడ పట్టేస్తున్నా బండిని అమ్ముకోనక్కర్లేదు. నీ ఒంటికి సరిపోయే హ్యాండిల్ వేయించుకో. మార్పు స్వల్పంగా ఉండాలి. వైర్లు అందుతాయో లేదో కొలుచుకో. బిగించాక పూర్తిగా తిప్పి చూసుకుని గాని రోడ్డెక్కకు.

విశేషాలు

'చేయి తిమ్మిరెక్కె': తిమ్మిరి రెండు రకాలని లక్షణకారులు గుర్తించాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారితే అరచేతి బయటి అంచున పోయే నరం గ్రిప్పుకు ఒత్తుకుంటోందని. బొటన, చూపుడు, మధ్య వేళ్లయితే మణికట్టు వంగి దాని నడుమ నుంచి పోయే నరం నలుగుతోందని. మొదటిది చేతుల మీద బరువు పడటం వల్ల, రెండోది లీవర్లు మరీ పైకో కిందికో ఉండటం వల్ల తరచుగా వస్తుంది. ముంజేయి, మణికట్టు, లీవరు మీద చాచిన వేళ్లు ఒకే గీతలో ఉంటే రెండో రోగం చాలావరకు పానాతోనే కుదురుతుంది, కొత్త హ్యాండిల్ ఖర్చు కూడా ఉండదు. బండి మాని ఇంట్లో కూర్చున్నా తిమ్మిరి తగ్గకపోతే అది మేస్త్రీ పరిధి దాటిందని, డాక్టరు దగ్గరికి వెళ్లాలని భావం.

దీనికి తోడు ఇంజను అదురు. పాత బుల్లెట్‌ది ఒకే సిలిండరు, దాని లోపలి కొలత 70 మిల్లీమీటర్లు, పిస్టను ఎక్కి దిగే దూరం 90, వెరసి 346 సీసీ. అంత బరువైన పిస్టను ఒంటరిగా పైకీ కిందికీ కొట్టుకుంటుంటే క్రాంకుకు ఎదురు బరువు ఎంత పెట్టినా అదురు పూర్తిగా చావదు. మిగిలింది ఛాసిస్ మీదుగా హ్యాండిల్‌కు, హ్యాండిల్ నుంచి ఎముకకు చేరుతుంది. గొట్టం రెండు కొసల్లో బిగించే బరువులు అందుకే: బరువెక్కిన గొట్టం ఇంజను తాళానికి అంత తేలిగ్గా వంత పాడదు.

'కొమ్ము': చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం ప్రకటించేనాటికి లోకంలో మోటారు సైకిలు లేదు గనక, హ్యాండిల్ అనే మాటకు ఆయన సూత్రం చెప్పలేదు. కవి ఆ చిక్కు లేకుండా దేశ్యపదం వేశాడు. దున్నపోతును ఎదుటి నుంచి చూసినవాడు బుల్లెట్‌ను ఎదుటి నుంచి చూస్తే ఈ మాట సార్థకమని ఒప్పుకుంటాడు. అక్షరానికీ కొమ్ము ఉంటుంది. ఆ కొమ్మును కాస్త సాగదీస్తే చాలు, 'పురి' కాస్తా 'పూరి' అవుతుంది. హ్యాండిల్ సంగతీ అంతే. అంగుళం మారితే బండి అర్థమే మారిపోతుంది.

హ్యాండిల్‌కు మూడు కొలతలు: ఎత్తు, వెడల్పు, వెనక్కి వంపు. ఎత్తు పెరిగితే నడుము నిటారవుతుంది. వెనక్కి వంపు పెరిగితే చేతులు చాచే పని తగ్గుతుంది. వెడల్పు పెరిగితే తిప్పడం తేలిక. గానుగ కాడి పొడుగైతే ఎద్దుకు బరువు తగ్గుతుంది గానీ, తిరగాల్సిన చుట్టు పెరుగుతుంది. వెడల్పు హ్యాండిల్‌ది అదే ధర్మం. గుంతల దారిలో ముందు చక్రం ఒడిసి పట్టడానికి బాగుంటుంది. కూరగాయల మార్కెట్ సందులో బుట్టలకు తగులుతుంది.

'కొంచెమె యతి గాదు': పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. కొంచెమె, అతి అనే మాటల నడుమ యడాగమం వచ్చి 'యతి' అయింది. దీన్ని 'యతి గాదు' అని విరిచి, సన్యాసిలా చేతులు పైకెత్తి కూర్చోవద్దని చెప్పేవారున్నారు. ఆ అర్థం కవికి ఉద్దిష్టమో కాదో గానీ, వ్యాఖ్యాతకు మాత్రం అనుభవం.

మేస్త్రీ మాట వినకుండా నేను మొదట ఒక దుకాణంలో తొమ్మిదంగుళాల ఎత్తు హ్యాండిల్ కొన్నాను. అద్దంలో చూసుకుంటే పాతికేళ్ల కుర్రాడిలా ఉన్నాను. చేతుల తిమ్మిరి నిజంగానే పోయింది. కానీ ఉయ్యూరు చేరేసరికి నడుము కలుక్కుమంది. కారణం తర్వాత తెలిసింది. కాస్త ముందుకు వాలి కూర్చున్నప్పుడు ఒంటి బరువును చేతులు, కాళ్లు, పిరుదులు పంచుకుంటాయి. బిగుసుకుని నిటారుగా కూర్చుంటే గుంతలో పడ్డ ప్రతి దెబ్బా తోక ఎముక నుంచి మెడ దాకా వెన్ను నిలువునా ఎక్కుతుంది. పైగా డెబ్భై వేగం దాటితే ఎదురుగాలి రొమ్ముకు కొడుతుంది, చొక్కా తెరచాప అవుతుంది, గాలికి వెనక్కి పోకుండా హ్యాండిల్‌ను గుంజి పట్టుకోవాలి. నొప్పి ఖాళీ చేసి పోలేదు, అదే ఇంట్లో గది మారింది.

మళ్లీ మేస్త్రీ దగ్గరికే వెళ్లాను. ఆయన నవ్వలేదు. బండిని స్టాండు మీద నిలబెట్టి, "ఎక్కి కూచోండి సార్. కళ్లు మూసుకుని భుజాలు వదిలేయండి" అన్నాడు. చేతికి చీపురు కర్ర ఇచ్చాడు. "బండి నడుపుతున్నట్టు పట్టుకోండి, మోచేతులు కాస్త మడిచి." నేను పట్టుకున్న చోటు నుంచి ట్యాంకు దాకా టేపుతో కొలిచాడు. పాత హ్యాండిల్ కన్నా అంగుళం పైకి, రెండంగుళాలు వెనక్కి. నా ఒంటికి కావాల్సింది అంతే. తొమ్మిదంగుళాలన్నది నా అద్దానికి కావాల్సిన కొలత.

'తీగ నిడివి': ఏకవచనమే గానీ పాత బుల్లెట్ హ్యాండిల్ నుంచి దిగే తీగలు నాలుగు. కుడివైపు ఎక్సలేటరు, ముందు బ్రేకు. ఎడమవైపు క్లచ్చి, కిక్కు కొట్టేముందు సిలిండరులో ఒత్తిడి వదిలే డీకంప్రెసరు. ఇవిగాక హారను, లైట్ల కరెంటు తీగలు. హ్యాండిల్ ఎత్తు పెరిగితే ఇవన్నీ చాలకుండా పోతాయి. చాలని వైరును ఎలాగో లాగి తగిలిస్తే మలుపులో లీవరు పట్టకుండానే క్లచ్చి తనంతట తాను విడిపోతుంది. అంగుళం, రెండంగుళాల మార్పుకు చాలాసార్లు పాత వైర్లనే దారి మార్చి సర్దవచ్చు. 'కొంచెమె' అన్న మాటకు ఇది మరో సమర్థన. డిస్కు బ్రేకు బండ్లకు తీగ బదులు ఆయిలు గొట్టం ఉంటుంది. అది చాలకపోతే పొడుగుది వేసి, లోపల గాలి లేకుండా తీయాలి. అది ఇంటి దగ్గర సరదాగా చేసే పని కాదు.

'తిప్పి చూడు': విధ్యర్థకం. ఆజ్ఞ అని గ్రహించాలి. బండిని న్యూట్రల్లో స్టార్టు చేసి హ్యాండిల్‌ను ఎడమ కొసకు, తర్వాత కుడి కొసకు తిప్పాలి. ఎక్కడైనా ఇంజను శబ్దం హెచ్చితే ఎక్సలేటరు వైరు లాక్కుంటోందని అర్థం. అలాంటి బండి యూ టర్ను దగ్గర మనల్ని అడక్కుండానే ఉరుకుతుంది. రెండు కొసల దగ్గరా క్లచ్చి లీవరుకు కాస్త ఆట మిగలాలి. గ్రిప్పుకూ ట్యాంకుకూ నడుమ బొటనవేలు నలగకూడదు.

ఈ తిప్పడంలో ఒక వేదాంతం కూడా ఉంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఎడమకు తిరగాలంటే హ్యాండిల్‌ను ఎడమకే తిప్పుతాం. వేగం మీద ఉన్నప్పుడు ఎడమ పిడిని ముందుకు నెడతాం, అంటే చక్రాన్ని లిప్తపాటు కుడికి తిప్పుతాం. అప్పుడు బండి ఎడమకు వాలి ఎడమకు పోతుంది. విమానం ఎగరేయకముందు తమ్ముడితో కలిసి సైకిళ్ల దుకాణం నడిపిన విల్బర్ రైట్ ఈ సంగతి గమనించాడు. తొక్కేవాళ్లలో చాలామందికి తాము చేస్తున్నదేమిటో తెలియదని కూడా కనిపెట్టాడు. హ్యాండిల్ వెడల్పు మారినప్పుడు ఈ తెలియని నేర్పు కాస్త తడబడుతుంది. అందుకే మొదటి నాలుగు రోజులు ఊళ్లోనే తిరగాలి.

శంకా సమాధానాలు

శంక: హ్యాండిల్ మారిస్తే బండి ఊగడం కూడా తగ్గుతుందా?
సమాధానం: తగ్గదు. ముందు చక్రాన్ని నేలకు తగలకుండా లేపి హ్యాండిల్‌ను అటూ ఇటూ మెల్లగా వదలాలి. నడుమ గాడిలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ అరిగిందని. టైర్లలో గాలి కూడా చూసుకోవాలి. పాత బండి చేసిన ప్రతి పాపాన్నీ కొమ్ము మీద రుద్దడం అన్యాయం.

శంక: చట్టం ఒప్పుతుందా?
సమాధానం: రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. అనుమానముంటే ముందే రవాణా కార్యాలయంలో అడగడం మేలు. కొమ్ములు ఆకాశానికెత్తి, బెంజి సర్కిల్ దగ్గర కానిస్టేబులుకు శ్లేష వివరించడం తెలివైన పని కాదు.

శంక: పాత గ్రిప్పు ఊడిరాదే?
సమాధానం: సబ్బునీళ్లు. నూనె వద్దు. నూనె రాస్తే ఊడటమూ సులువే, తర్వాత బండి మీదుండగా జారటమూ సులువే.

పాఠాంతరం

'ముసలివాడ' అన్నచోట 'ముచ్చటాయె' అని మా ఇంటి పాఠం. గణాలు సరిపోతాయి, యతీ చెల్లుతుంది. కర్త మా ఆవిడ. ఆ తొమ్మిదంగుళాల హ్యాండిల్‌తో గుమ్మంలోకి వచ్చిన రోజున ఆశువుగా చెప్పింది.

ఛందోలంకారాలు

ఇది ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్య గణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. రెండు ముసలితనాలకు ఒకే విశేషణం వేయడం వల్ల బండికీ మనిషికీ అభేదం ధ్వనిస్తోంది. శ్లేష సంగతి పైన చెప్పాం, అనుభవించాం.

ఫలశ్రుతి

ఈ టీకను రాతప్రతిలోనే మేస్త్రీకి చదివి వినిపించాను. ఆయన పానా పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. విని, "అంతా బాగుంది సార్. కొత్త హ్యాండిల్ వేసి వంద కిలోమీటర్లు తిరిగాక క్లాంపు బోల్టులు మళ్లీ బిగించమన్నా గదా, అదేదీ?" అన్నాడు.

అది మూలంలో లేదు. గణాలు సర్దేటప్పుడు ఇమడక నేనే వదిలేశాను. బండి దగ్గరికి వెళ్లి పానా వేసి చూస్తే నాలుగు బోల్టుల్లో ఒకటి పావు చుట్టు తిరిగింది.